మూషికములలో బంధుప్రేమ

 

నేడు ఎలుకలను గూర్చి మీకు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గొన్న పంతులునకు ఎలుకలతో పని యేమి యని మీలో కొందఱకు నవ్వు రావచ్చును. పొలములో వరికంకులు కొఱికి కలుగులలో దాచుకొను పందికొక్కును, ఇంటి యటుకమీద తాళపత్రములను తుత్తునియలు చేయు చిట్టెలుకయు మనకు శత్రువులే కాని గురువులు కావు గదా! అయినను మన పెద్దలు ఎలుకను చిన్నచూపు చూచినవారు కారు. విఘ్నేశ్వరునకు అది వాహనము. చిన్నయసూరి నీతిచంద్రికను చదివిన ప్రతి విద్యార్థికిని హిరణ్యకుడను మూషికరాజు చిరపరిచితుడు. వలలో చిక్కిన చిత్రగ్రీవుని పరివారమును దంతములతో త్రాళ్లు కొఱికి విడిపించిన మిత్రుడు ఆతడే. ఆ కథ చెప్పునపుడెల్ల “ఎలుకకు నిజముగా స్నేహమనునది కలదా, అయ్యా?” యని అడుగు బాలుడు తరగతి కొక్కడైన నుండెడివాడు. ఆ ప్రశ్నకు కవులు చెప్పిన యుత్తర మొకటి. గడచిన డెబ్బదియేండ్లలో శాస్త్రజ్ఞులు ఓపికతో పరీక్షించి చెప్పిన యుత్తరము మఱియొకటి. ఈ రెండవదానిని నాకు తెలిసినంతవఱకు మీకు విన్నవించెదను.

ఇది వినోదముకొఱకు మాత్రమే చెప్పుమాట కాదు. తల్లి యొడి యెఱుగని బిడ్డ, తండ్రి చేయి యెఱుగని బిడ్డ, తోటివారితో ఆట యెఱుగని బిడ్డ మన వీధులలోను మన బడులలోను ఉన్నారు. చిన్ననాటి యా లోటు బిడ్డను జీవితాంతము వెంటాడునా, లేక తీర్పదగినదా? ప్రేమ యనునది నెత్తురులోనే పుట్టునా, లేక పెంపకమువలన అబ్బునా? ఈ ప్రశ్నలకు మనుష్యులపై ప్రయోగములు చేసి యుత్తరము తెలిసికొనుట ధర్మము కాదు. కావుననే శాస్త్రజ్ఞులు మూషికముల నాశ్రయించిరి.

మొదట దాంపత్యమును గూర్చి చెప్పెదను. ఉత్తర అమెరికా ఖండమునందు, ఇల్లినాయ్ మొదలగు రాష్ట్రములలో, పూర్వము కనుచూపుమేర వ్యాపించిన గడ్డిమైదానములు ఉండెడివి. వీనికి ప్రెయిరీలని పేరు. ఈ గడ్డిలో సన్నని బాటలు తీర్చుకొని, నేలలో కలుగులు త్రవ్వుకొని నివసించు నొక చిన్నజంతువును ప్రెయిరీ వోల్ అందురు. అది ఎలుకకు దగ్గఱ చుట్టము. దాని తోక కుఱుచ, ముట్టె మొద్దు. చెవులు బొచ్చులో దాగియుండును. తూకము సుమారు 40 గ్రాములు. 1970 తరువాతి దశకమున ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన లోవెల్ గెట్జ్ అను పండితుడు, ఈ జంతువుల సంఖ్య కొన్నియేండ్లు పెరుగుటకును కొన్నియేండ్లు తరుగుటకును కారణమేమో తెలిసికొనగోరి పొలములలో బోనులు పెట్టించుచుండెను. ప్రాణము తీయని బోనులవి. పట్టి, గుఱుతు వేసి, మరల విడిచిపెట్టుట ఆయన పద్ధతి. అట్లు పట్టగా పట్టగా నొక విశేషము కనబడినది. తఱుచుగా ఒకే బోనులో ఒక మగదియు ఒక ఆడుదియు కలిసి చిక్కుచుండెను. కొన్నిదినములు గడచిన పిమ్మట చూచినచో మరల ఆ రెండే కలిసి చిక్కుచుండెను.

గెట్జ్ పండితుడును, స్యూ కార్టర్ అను శాస్త్రజ్ఞురాలును, వారి తోడివారును ఈ సంగతిని విచారించి, ఈ వోళ్లు జంటగట్టి కాపురము చేయునవి యని 1981 లో ప్రకటించిరి. క్షీరదములలో నూటికి పది జాతులైన ఇట్లు జంటగా జీవింపవు. ఈ వోల్ కాపురము చూడదగినది. మగది ఆడుదానితో కలిసి గూడు కట్టును. పిల్లలు పుట్టిన పిమ్మట వానిపై పండుకొని వెచ్చదన మిచ్చును. వానిని నాకి శుభ్రము చేయును. గూటినుండి జాఱిపోయినవానిని నోట కఱచి తెచ్చును. ఒక్క పాలిచ్చుట తప్ప తల్లి చేయు పనులన్నియు తండ్రియు చేయును. ముందటి కాన్పు పిల్లలలో కొన్ని గూడు విడువక తమ చెల్లెండ్రను తమ్ములను పెంచుటలో సాయపడును. ఇది మన ఉమ్మడికుటుంబమునకు బొమ్మకట్టినట్లుండును. అయితే అతిశయోక్తి పనికిరాదు. జంటగట్టిన వోళ్లుకూడ అప్పుడప్పుడు పరజంతువుతో కలియుట కలదని వాని సంతానమును పరీక్షించినవారు కనుగొనిరి. కాపురము నిలకడ గలది. వ్రతము మాత్రము అభంగము కాదు.

ఇచ్చట ప్రకృతి శాస్త్రజ్ఞునకు గొప్ప సాయము చేసినది. ఈ ప్రెయిరీ వోల్‌కు దాయాదులు కలవు. పచ్చికబయళ్లలో నుండునది యొకటి, కొండలలో నుండునది యొకటి. రూపమున మూడును అన్నదమ్ములవలె నుండును. కాని ఆ దాయాదులకు జంట యనునది లేదు; మగది కలియును, పోవును; పిల్లల భారమంతయు తల్లిదే. ఒకే తీరు శరీరములో ఇన్ని గుణభేదము లెక్కడినుండి వచ్చినవి? ఈ భేదము మెదడులో నెచ్చటనో యుండవలయును గదా!

జంతువు నోరులేనిది. దాని యిష్టమును తెలిసికొను టెట్లు? దానికొక చక్కని యుపాయము కల్పించిరి. మూడు చిన్నగదులను గొట్టములతో కలుపుదురు. ఒక గదిలో తన తోడును, రెండవ గదిలో క్రొత్తజంతువును కట్టియుంచుదురు. నడిమి గదిలో పరీక్షింపవలసిన వోల్‌ను వదలుదురు. అది యిచ్చవచ్చిన చోటికి పోవచ్చును. మూడుగంటలసేపు కనిపెట్టి, ఎవరి ప్రక్క ఎంతసేపు ఒదిగి కూర్చుండెనో లెక్క వ్రాయుదురు. కొంతకాలము జతగూడి యున్న ప్రెయిరీ వోల్ ఎక్కువసేపు తన తోడు ప్రక్కనే ఒదిగి కూర్చుండును. దాయాది వోల్‌కు అట్టి పక్షపాతము లేదు.

ఇక మెదడులోనికి పోవుదము. మన పీయూషగ్రంథినుండి నెత్తురులోనికి విడివడు రసములలో ఆక్సిటోసిన్ అనునది యొకటి. అది మెదడు అడుగున నున్న అధోపర్యంకమున పుట్టును. 1906 లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హెన్రీ డేల్, ఈ గ్రంథిసారము గర్భాశయమును ముడుచుకొనునట్లు చేయునని కనిపెట్టెను. శీఘ్రప్రసవ మను నర్థము గల గ్రీకు మాటలనుండి దాని కా పేరు వచ్చినది. తల్లి ఱొమ్మున పాలు చేపునట్లు చేయునదియు నదియే. తొమ్మిది అమైనో ఆమ్లములు గ్రుచ్చిన చిన్నహారము వంటిది యీ పదార్థము. దీనిని ప్రయోగశాలలో కూర్చిన వాడు విన్సెంట్ డు విగ్నో. 1955 లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి. దీనికి వాసోప్రెస్సిన్ అను తోబుట్టువు కలదు. రెంటికిని రెండు పూసలు మాత్రమే భేదము. ఒకటి రెండక్షరములు మాఱినంతనే పదముయొక్క యర్థము మాఱుట భాష చదివినవారికి వింత కాదు.

రసము ప్రవహించినంత మాత్రమున పని జరుగదు. ఉత్తరము ఎన్ని వీధులు తిరిగినను, దాని నందుకొనువారు లేని యింట చెల్లదు. రసమును అందుకొనుటకు మెదడుకణములపై గ్రాహకము లను ద్వారము లుండవలయును. 1992 లో థామస్ ఇన్సెల్, లారెన్స్ షాపిరో అనువారు, ప్రెయిరీ వోల్‌కును కొండవోల్‌కును ఈ గ్రాహకములు మెదడులో వేర్వేఱు చోట్ల నున్నవని చూపిరి. సుఖమును, కోరికను, బహుమానమును గుఱుతించు న్యూక్లియస్ అక్కంబెన్స్ అను భాగమున ప్రెయిరీ వోల్‌కు ఆక్సిటోసిన్ గ్రాహకములు దట్టముగా నున్నవి. దాయాదికి అచ్చట అవి పలుచన. మగదానియందు వాసోప్రెస్సిన్ ముఖ్యమని 1993 లో తేలినది. డోపమైన్ అను మఱియొక పదార్థముయొక్క పని నా భాగమున అడ్డగించినచో జంట కుదరదనియు చూచిరి. అనగా, తోడును గుఱుతుపట్టుటయు, ఆ గుఱుతుతో సుఖమును ముడివేయుటయు మెదడులో ఒకచోట కలిసినపుడు బంధ మేర్పడుచున్నదని తాత్పర్యము.

2004 లో అట్లాంటా నగరమందలి ఎమొరీ విశ్వవిద్యాలయమున ఇంకొక యాశ్చర్యము జరిగినది. పచ్చికబయళ్ల దాయాది మగవోల్ మెదడులో నొక చిన్నభాగమున వాసోప్రెస్సిన్ గ్రాహకములు ఎక్కువగా మొలచునట్లు, హాని చేయని యొక వైరసును వాహనముగా చేసికొని, జన్యువు నొకదానిని చేర్చిరి. తిరుగుబోతగు నా జంతువు తన తోడు ప్రక్క ఒదిగి కూర్చుండ మొదలిడెను! ఈ వార్త విని లోకమంతయు “ప్రేమ రహస్యము తెలిసినది, ప్రేమ యనగా ఆక్సిటోసిన్” అని చాటసాగినది.

శాస్త్రముయొక్క గొప్పతనము చాటింపులో లేదు. చాటిన మాటను మరల పరీక్షించుటలో నున్నది. 2023 లో కాలిఫోర్నియాలో దేవానంద్ మనోలి, నిరావ్ షా అనువారును వారి తోడివారును, పుట్టుకనుండి ఆక్సిటోసిన్ గ్రాహకమే లేని ప్రెయిరీ వోళ్లను సృష్టించి పరీక్షించిరి. ఇవి జంట గట్టవని యందఱును తలచుచుండిరి. అవి జంట గట్టినవి! పిల్లలను సాకినవి! పాలు మాత్రము తక్కువ చేపుటచేత, బ్రతికి బయటపడిన పిల్లలు కొంత తక్కువ; వాని తూకమును తక్కువ. దీనివలన మనము నేర్వవలసిన దేమి? ఆక్సిటోసిన్ వ్యర్థమని కాదు. కుటుంబబంధ మంతటి యవసరమైన వస్తువును ప్రకృతి ఒక్క త్రాటిమీద వ్రేలాడదీయలేదని. మన నులకమంచమున ఒక త్రాడు తెగినను తక్కినవి బరువు మోయుట లేదా? బంధము అనేక తంతువుల నేత. ప్రేమను ఒక మందుసీసాలో పోసి యమ్మవచ్చునని తలచువారు ఈ సంగతి జ్ఞాపక ముంచుకొనవలయును.

దాంపత్యము విడిచి మాతృత్వమునకు వత్తము. మాతృప్రేమ సహజ మందుము. ఎలుకలలో చూచినచో ఈ మాట సగము నిజము. కాన్పెఱుగని ఆడ ఎలుక ముందు అప్పుడే పుట్టిన పిల్లల నుంచినచో అది వానిని చూచి వెనుకకు తగ్గును. ఆ క్రొత్తవాసన దానికి భయము. అదే యెలుక తానే కన్నపుడు తత్‌క్షణమే పిల్లలను నాకి, పోగుచేసి, పాలిచ్చును. గర్భకాలపు రసములు మెదడును ముందుగా సిద్ధపఱచుటయే దీనికి కారణము. క్రొత్తతల్లి నెత్తురునుండి తీసిన ప్లాస్మాను కాన్పెఱుగని యెలుకకు ఎక్కించినపుడు అది త్వరగా తల్లివలె ప్రవర్తించెనని 1968 లో టెర్కెల్, రోజెన్‌బ్లాట్ అనువారు చూపిరి. కాని అంతకు ముందటి సంవత్సరమే రోజెన్‌బ్లాట్ ఇంకొక సంగతి ప్రకటించియుండెను. ఏ రసమును ఎక్కింపకయే, కాన్పెఱుగని యెలుకతో దినదినమును పిల్లల నుంచుచు వచ్చినచో, సుమారొక వారములో అదియు తల్లివలె పిల్లలను నాకి గూటికి చేర్చసాగును. మగ యెలుకయు నట్లే! కన్నతల్లికి ప్రకృతి దారి దగ్గఱ చేసినది. పెంచినతల్లికి ఆ దారి మూయలేదు. పెంపుడుతల్లుల ప్రేమను శంకించువారు ఈ చిన్నజంతువును జూచి నేర్చుకొనవలసినది కలదు.

చిట్టెలుక పిల్ల గూటినుండి జాఱిపడినపుడు అఱచును. ఆ యఱపు మన చెవికి వినరానంత సన్ననిది. తల్లి విని పరుగెత్తుకొని వచ్చును, కాన్పెఱుగనిది పట్టించుకొనదు. న్యూయార్కు నగరమున రాబర్ట్ ఫ్రోమ్కీ పరిశోధనశాలలో 2015 లో తేలిన దేమనగా, ఆక్సిటోసిన్ ఎడమవైపు శ్రవణభాగమున పనిచేసి, ఆ యేడ్పును చెవికి అర్థవంతముగా చేయుచున్నది. అదే పరిశోధనశాలవారు 2021 లో ఇంకను ముద్దైన సంగతి చెప్పిరి. తల్లియెలుకతో కలిసి యున్న కన్నె చిట్టెలుకను తల్లి గూటివైపు తోలుకొని పోవుచుండును. తల్లి పిల్లలను తెచ్చుట చూచి చూచి కన్నెయు తెచ్చుట నేర్చుకొనును. బాలెంతలకు తోడుండి బిడ్డ నెత్తుకొనుట నేర్చు మన యాడుపడుచుల వలెనే!

తండ్రి మాటయు వినుడు. పెండ్లి యెఱుగని మగ చిట్టెలుక పరాయిపిల్లలను తఱుచుగా కఱచి చంపును. వినుటకు ఘోరముగా నున్నను ఇది నిజము. అదే మగది ఆడుదానితో కూడి సుమారు మూడువారములు గడచునప్పటికి, అనగా తన పిల్లలు పుట్టు సమయమునకు సరిగా, సాధువగును. పిల్లలను నాకి కాపాడును. హార్వర్డులో కేథరిన్ దులాక్ పరిశోధకబృందము 2014 లో అధోపర్యంకమునకు ముందుభాగమున నొక కణసమూహమును పట్టుకొని, దానిని మేలుకొల్పినచో చంపబూనిన మగదియు చంపుట మాని పిల్లలను నాకు నని చూపినది. అనగా క్రూరునియందును తండ్రితనము నిద్రించుచున్నది, మేల్కొల్పుటయే తరువాయి.

ఇప్పుడు నా ప్రసంగములో మిక్కిలి ముఖ్యమైన భాగమునకు వచ్చితిని. ఎలుకపిల్ల పుట్టినపుడు కన్నులు తెఱవదు, చెవి వినదు, ఒడలిపై వెండ్రుక యుండదు. తల్లి నాకనిదే మూత్రమైన విడువలేదు. తల్లి నాలుకయే దానికి లోకము. 1957 లో అమెరికాలో సేమూర్ లెవిన్ అనునాతడు, పిల్లలను దినమునకు కొన్ని నిమిషములు తల్లినుండి తీసి మరల నుంచుచుండగా, అవి పెద్దవైన పిమ్మట కష్టమునకు తక్కువ కలవరపడుట చూచెను. ఎడబాటు మేలు చేయుట యేమని వింతగా నుండెను. తిరిగివచ్చిన పిల్లలను తల్లి మఱింత నాకుచున్నదని తరువాత తెలిసినది.

కెనడాదేశమున మాంట్రియల్ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున మైకేల్ మీనీ అను పండితుడు ఈ త్రోవనే పోయెను. తల్లులలో కొన్ని సహజముగా పిల్లలను ఎక్కువ నాకును, కొన్ని తక్కువ నాకును. పాలిచ్చుటలో లోపము లేదు. భేదమంతయు నాకుటలోనే. ఎక్కువ నాకించుకొన్న పిల్లలు పెరిగి పెద్దవైన పిమ్మట భయ సమయమున వాని నెత్తురులో కలవరరసము తక్కువగా పుట్టి, త్వరగా శమించుచున్నదని 1997 లో ప్రకటించిరి. ఇది తల్లినుండి వచ్చిన జన్మగుణమే యని యెవరైన నందురేమో యని, పిల్లలను తాఱుమాఱు చేసి పెంచిరి. తక్కువ నాకు తల్లికి పుట్టి, ఎక్కువ నాకు తల్లియొద్ద పెరిగినది పెంచినతల్లి పోలికనే పొందినది. అంతేకాదు, ఆ పిల్ల పెరిగి తానే తల్లి యైనపుడు తన బిడ్డలను ఎక్కువగా నాకినది! 1999 లో వెలువడిన ఈ ఫలితమువలన, ప్రేమ జన్యువులతో పని లేకయే తరమునుండి తరమునకు సంక్రమింపగలదని స్పష్టమైనది. 2004 లో, ఆ నాకుడు పిల్ల మెదడులోని యొక జన్యువుపై రసాయనపు గుఱుతును తొలగించుచున్నదనియు, ఈ భేదము పుట్టిన మొదటి వారముననే యేర్పడుచున్నదనియు చూపిరి. అక్షరము మాఱలేదు, అక్షరముపై మూతమాత్రము తొలగినది.

ఇంతవఱకు వినిన తల్లులలో కొందఱకు “అయ్యో, నా బిడ్డకు నేనేమి లోటు చేసితినో!” యని బెంగ కలుగవచ్చును. కావున తక్షణమే రెండు మాటలు చెప్పవలయును. మొదటిది: తక్కువ నాకు తల్లి చెడ్డతల్లి కాదు. ఆపదలు ముసరిన చోట, చుఱుకుగా భయపడు పిల్లయే బ్రతికి బయటపడును. అదియు నొక సిద్ధపాటు. అదియుగాక 2006 లో తేలినదేమనగా, ఎక్కువ నాకు తల్లులను గర్భకాలమున బాధపెట్టినచో అవియు తక్కువ నాకు తల్లులైనవి. కావున తప్పు తల్లిది కాదు. తల్లిని బాధించిన పరిసరములది. బిడ్డ మెదడుపై అక్కఱ గలవారు మొదట గర్భిణి కడుపునిండ తిన్నదా, కంటినిండ నిద్రించినదా, మాటపడి యేడ్చినదా యని విచారింపవలయును. చూలాలిని పుట్టినింటికి దెచ్చి కోరినది పెట్టు మన యాచారమున ఈ జ్ఞానము ఛాయగా నున్నదని నా నమ్మకము. కాని నేటికిని అత్తింటి పోరును, పనిభారమును మోయుచు కాన్పునకు పోవు బిడ్డలు మనలో లేరా?

రెండవ మాట ఇంకను ఊరట గలది. తల్లినుండి దీర్ఘముగా ఎడబాపబడి కలవరస్వభావము గలవైన ఎలుకలను, యౌవనమున, తోటివారితోను ఆటవస్తువులతోను నిండిన విశాలమైన యింట నుంచినపుడు, వాని కలవరము చాలవఱకు శాంతించెనని అదే మీనీ బృందము 2002 లో కనుగొనినది. తొలివారము గొప్పదే, అయినను కడపటి మాట దానిది కాదు. బిడ్డకు మంచియిల్లు ఆలస్యముగా దొరకినను వ్యర్థము కాదు. అనాథశరణాలయములు నడుపువారికిని, పెంపునకు దెచ్చుకొన్న తల్లిదండ్రులకును, సవతిబిడ్డను చేరదీసిన యిల్లాలికిని ఇంతకంటె మంచివార్త యేమున్నది?

ఇక ఆట. ఈ భాగమున పాతపంతులుగా నాకును కొంత యధికారము కలదు. మూడువారముల వయస్సు దాటినది మొదలు ఎలుకపిల్లలు కుస్తీలు పట్టును. ఒకటి రెండవదాని మెడమీదికి దుముకును, అది వెల్లకిల తిరుగును, ఇది పైనెక్కును, మఱుక్షణము తాఱుమాఱగును. జాక్ పాంక్సెప్ అను పండితుడు 1990 దశకపు చివర ఎలుకపిల్లలకు చక్కిలిగింతలు పెట్టి, మన చెవికి వినరాని యొక కిలకిలధ్వనిని యంత్రముతో విని, ఇది వాని నవ్వని వాదించెను. నవ్వని పిలిచినను పిలువకున్నను, ఆ చేతివెంట పిల్లలు పరుగెత్తుకొని వచ్చుట మాత్రము నిజము.

ఈ ఆట యెందులకు? నాలుగవ యైదవ వారములలో తోటివారి ఆట లేకుండ ఒంటిగా పెంచిన ఎలుకలను, పెద్దవైన పిమ్మట బలిష్ఠమైన మగ యెలుకయున్న చోటికి పంపి, 1999 లో హాలండు పరిశోధకులు పరీక్షించిరి. ఆడి పెరిగినది ఎప్పుడు తగ్గవలెనో, ఎప్పుడు కదలక యుండవలెనో యెఱుగును. ఆడనిది ఆ మర్యాద యెఱుగక మఱింత దెబ్బలాటకు గుఱియై, మఱింత కలవరపడును. కెనడాలో సెర్జియో పెల్లిస్ మొదలగువారు, బాల్యపు ఆట మెదడు ముందుభాగమందలి కణముల అల్లికను దిద్దుచున్నదని 2010 లో చూపిరి. ఇచ్చట విశేషమేమనగా, ఆడని పెద్దలతో కలిపి పెంచినది సరిపోదు, ఈడువారే కావలయును.

తల్లి ధైర్య మిచ్చును. ఆట మర్యాద నేర్పును. ఓడిపోయి యేడ్వకుండుట, గెలిచి పొగరకుండుట, బలహీనునితో ఆడునపుడు బల మంతయు చూపకుండుట పుస్తకములో చెప్పుటకు వీలుకానివి. చెడుగుడు బరిలో కూతపెట్టి పోయి, పట్టుబడి, లేచి దుమ్ము దులుపుకొని నవ్వుకొనుచు వచ్చిన పిల్లలు తరగతిలోను సర్దుకొని పోవుట నేను ముప్పదియేండ్లు చూచితిని. నేడు తెల్లవారకముందే పుస్తకముల మూటతో బయలుదేరి దీపములు పెట్టినపిదప ఇల్లు చేరు బాలుని జూచినపుడు, మార్కులపట్టికలో కనబడని నష్ట మొకటి కలుగుచున్నదని నాకు భయము కలుగుచున్నది. ఆటస్థలము లేని బడికి చదువు చెప్పు యోగ్యత సగమే కలదు.

కడపట హిరణ్యకుని మాట. 2011 లో షికాగో విశ్వవిద్యాలయమున ఇన్బాల్ బెన్-అమి బార్తాల్ అను నామెయు, మఱి యిద్దఱును ఒక ప్రయోగము చేసిరి. ఒక ఎలుకను పారదర్శకమైన గొట్టములో బంధించి, తలుపు వెలుపలినుండి మాత్రమే తెఱచుకొనునట్లు చేసిరి. దానితో కాపురమున్న యెలుకను బయట వదలిరి. అది కలవరపడి చుట్టును తిరిగి, కొన్నిదినములలో తలుపు తెఱచుట నేర్చుకొని, నేస్తమును విడిపించినది. గొట్టము వట్టిదైనను, బొమ్మయెలుక యున్నను అట్లు శ్రమపడలేదు. వేఱొక గొట్టములో చాకొలెట్టు నుంచినను రెండును తెఱచి, తఱుచుగా నేస్తమునకు భాగము మిగిల్చినది. ఇది కరుణయా, తోడుకొఱకు ఆరాటమా యని పండితులు వాదించుకొనుచున్నారు. నామ మేదైనను, నేస్తము బయటపడినది.

2014 లో అదే బృందము చెప్పిన సంగతి నా మనస్సున నాటినది. తెల్ల యెలుక క్రొత్తదైన తెల్ల యెలుకను విడిపించును. నల్లమచ్చల జాతి పరాయియెలుకను విడిపింపదు. కాని తెల్ల యెలుకను పుట్టినది మొదలు నల్లమచ్చల జాతి నడుమ పెంచినచో, అది నల్లమచ్చల క్రొత్తయెలుకను విడిపించును. తన స్వజాతి తెల్లదానిని విడిపింపదు! అనగా “నావారు” అను భావము నెత్తురునుండి రాలేదు. అద్దములో చూచుకొన్న రంగునుండియు రాలేదు. కలిసి పెరిగిన కూటమినుండి వచ్చినది. కులమునకొక వీధి, ధనమునకొక బడి కట్టుకొని, బిడ్డలను వేర్వేఱుగా పెంచి, పెద్దవారైన పిమ్మట ఒకరి నొకరు ప్రేమింపరేమని ఆశ్చర్యపడుట మన యవివేకము గాక మఱేమి?

ఇంత చెప్పియు నొక హెచ్చరిక చేయకున్న ధర్మము కాదు. మనుష్యుడు ఎలుక కాదు. మన మెదడు పెద్దది, బాల్యము పొడవైనది, మాట, ధర్మము, పశ్చాత్తాపము మనకు కలవు. ఎలుకయందు వారములో జరుగునది మనయందు ఏండ్లు పట్టును. కొన్ని జరుగకయు పోవచ్చును. వీనిని ప్రమాణముగా గాక, దీపముగా చేతబట్టవలయును. మఱియు ఈ జ్ఞానము ఊరక రాలేదు. లెక్కలేనన్ని మూకప్రాణులు బోనులలో బ్రతికి, బల్లలపై ప్రాణము లిచ్చినవి. ఆ ఋణము తీర్చుకొను దారి యొకటే: తెలిసినదానిని మన బిడ్డలపట్ల ఆచరించుట.

ప్రేమకు మెదడులో తావున్నదని తెలిసినంతనే ప్రేమ తగ్గిపోవునని కొందఱు చింతింతురు. వీణయందు తంత్రు లెన్నియున్నవో, ఏ కొయ్యతో చేసిరో తెలిసినంత మాత్రమున గానము రుచి తగ్గునా? పైపెచ్చు, తంత్రి తెగినచోట సవరించుటకు వీలు కలుగును. గర్భిణిని ఆదరించుట, పసిబిడ్డను చేత దాల్చి లాలించుట, తండ్రి దగ్గఱనుండుట, బిడ్డను ఈడువారితో ఆడనిచ్చుట, భిన్నమైన యిండ్ల పిల్లలను ఒక్కచోట పెంచుట, చిన్ననాట లోటుపడినవానికి ఆలస్యముగానైనను ఆసర యిచ్చుట: ఈ యాఱును ధనముతో కాని యంత్రములతో కాని పని లేనివి. వీనిని చేయుటకు మనకు ఇచ్చగించు మనస్సు చాలును.